'అప్' అనే చిన్న ఇంగ్లీషు మాటను మన తెలుగుతోనే పట్టుకోవడం ఎలా?

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళని పెద్ద పెద్ద మాటలు అంతగా ఇబ్బంది పెట్టవు. 'థర్మామీటర్'కి ఒకటే అర్థం, ఒకసారి తెలిస్తే చాలు. చుక్కలు చూపించేవి చిన్న మాటలే: గెట్, సెట్, రన్, టేక్, అప్. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చినప్పుడు అందులో అన్నిటికన్నా ఎక్కువ చోటు పట్టిన మాట 'సెట్'. క్రియగా దానికి 430 అర్థాలు చూపించారు. ఆ తర్వాత మూడో కూర్పు పనిలో 'రన్' దాన్ని దాటేసి 645 దగ్గర నిలిచింది.

నా లెక్కలో మనవాళ్ళని అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది మాత్రం 'అప్'. ఎందుకంటే అది ఒంటరిగా కంటే, ఇంకో మాటకు అతుక్కుని వచ్చేదే ఎక్కువ. అతుక్కున్న ప్రతిచోటా అర్థం మారుతుంది. 'గివ్' అంటే ఇవ్వడం, 'అప్' అంటే పైకి, మరి 'గివ్ అప్' అంటే మానుకోవడం ఎలా అయింది సార్? కడపలో డిగ్రీ చదివేవాళ్ళయినా, నంద్యాలలో బ్యాంకు కోచింగ్ తీసుకునేవాళ్ళయినా అడిగేది ఇదే. చాలామంది దీనికి చేసే పని, మార్కెట్లో దొరికే చిన్న పుస్తకం కొని ఐదు వందల ఫ్రేజల్ వెర్బ్స్, అంటే 'గివ్ అప్' లాంటి అతుకు క్రియలు, బట్టీ పట్టడం. 'ఏ' అక్షరం దగ్గర మొదలై 'సి' దాకా వచ్చేసరికి మొదటివి మర్చిపోతారు. ఆ దారి వద్దు. 'అప్' చేసే పనే చేసే మాటలు తెలుగులో ఉన్నాయి, వాటిని మనం మాటలు వచ్చినప్పటి నుంచీ వాడుతున్నాం. వాటి పక్కన 'అప్'ను నిలబెడితే సగం టెన్షన్ పోతుంది.

ముందు మీ నోట్లో ఉన్న అప్‌లు రాయండి

తెల్లకాగితం తీసుకుని, తెలుగులో మాట్లాడేటప్పుడు మీరు రోజూ వాడే అప్‌లన్నీ రాయండి. పోలీస్ స్టేషన్‌లో లాకప్, ఆస్పత్రిలో చెకప్, షూటింగ్‌లో మేకప్, గెటప్, క్లోజప్, చివర్లో ప్యాకప్. గ్రౌండ్‌లో వార్మప్. ఫోన్‌లో బ్యాకప్. బండికి పికప్ లేదంటాం. కుర్రాళ్ళకు బ్రేకప్, బెంగళూరులో ఉద్యోగం చేసేవాళ్ళకు స్టార్టప్, ఫాలోఅప్. నిఘంటువు తెరవకుండానే పది దాటిపోతాయి.

ఇప్పుడు ఒక్కోదాన్నీ విడదీసి, పక్కన తెలుగులో రాయండి. పొట్టిగా, ఇంట్లో చెప్పినట్టు. లాకప్: లోపల పెట్టి తాళం వేసేయడం. చెకప్: ఒక్కటీ వదలకుండా చూసేయడం. ప్యాకప్: సామానంతా సర్దేయడం. బ్రేకప్: విడిపోవడం. ఈ నాలుగింటి చివర ఏముందో చూడండి. వేసేయడం, చూసేయడం, సర్దేయడం, విడిపోవడం. మీరు కావాలని పెట్టలేదు, తెలుగు దానంతట అదే పెట్టింది. అసలు పట్టు ఇక్కడే ఉంది.

'ఏయ్', 'పోవు' పక్కన పెట్టి చూడండి

పిల్లాడితో 'అన్నం తిను' అనడానికీ, 'అన్నం తినేయ్' అనడానికీ తేడా మీకెవరూ నేర్పలేదు. మొదటిది తినమనడం. రెండోది కంచంలో మెతుకు మిగలకూడదనడం. ఇంగ్లీషువాళ్ళు ఆ తేడానే 'ఈట్', 'ఈట్ అప్' అని చూపిస్తారు. 'డ్రింక్ అప్' తాగేయ్. 'క్లీన్ అప్' శుభ్రం చేసేయ్. 'యూజ్ అప్' ఉన్నదంతా వాడేయ్. 'టేర్ అప్' చింపేయ్. 'ర్యాప్ అప్' చుట్టేయ్. మీటింగ్ గురించి అంటే ముగించేయ్. ఈ చోట్ల 'అప్'కి పైకి అనే అర్థం వెతకడం దండగ. పని పూర్తయింది, ఇక మిగల్లేదు అని చెప్పడమే దాని పని.

ఎవరూ చేయకుండా దానంతట అదే జరిగేదైతే తెలుగులో 'ఏయ్' రాదు, 'పోవు' వస్తుంది. అక్కడా ఇంగ్లీషులో 'అప్' వస్తుంది. అనంతపురం వైపు రైతును కదిలిస్తే చాలు, బోరు ఎండిపోయిందంటాడు. ఎండింది అనడు. ఆ 'పోయింది'లో నీళ్ళు పూర్తిగా అయిపోయాయన్న బాధ ఉంది. ఇంగ్లీషులో అదే మాట 'ది బోర్‌వెల్ హ్యాజ్ డ్రైడ్ అప్'. కాలువ పూడుకుపోతే 'సిల్టెడ్ అప్'. కాలు వాచిపోతే 'స్వెల్డ్ అప్'. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ 'టైమ్ ఈజ్ అప్' అన్నాడంటే టైమ్ అయిపోయింది, పేపర్ ఇచ్చేయమని.

వంటింట్లో ఒక చిన్న తేడా చూడండి. 'కట్ ది ఆనియన్' అంటే ఉల్లిగడ్డ కోయమనడం, రెండు చెక్కలు చేసినా కోసినట్టే. 'కట్ అప్ ది ఆనియన్' అంటే మొత్తం ముక్కలు చేసేయాలి. ఇంటర్వ్యూకి పనికిరాకపోవచ్చు గానీ, 'అప్' పనితనం ఇంత స్పష్టంగా కనిపించే చోటు నాకు ఇంకోటి తోచదు.

ఒక జాగ్రత్త. ఈ పరీక్షని ఇంగ్లీషు నుంచి తెలుగు వైపే చేయండి. ఎదురుగా 'అప్' ఉన్న వాక్యం వచ్చినప్పుడు 'ఏయ్'నో 'పోవు'నో చేర్చి చదవండి, అతికితే అర్థం దొరికినట్టే. తెలుగులో 'ఏయ్' కనిపించిన ప్రతిచోటా ఇంగ్లీషులో 'అప్' తగిలిస్తే మాత్రం చిక్కే. 'వచ్చేయ్'ని 'కమ్ అప్' అంటే మేడ మీదికి రమ్మన్నట్టు అవుతుంది. 'వెళ్ళిపో'ని 'గో అప్' అనలేం, అది 'గో అవే'.

పైకి, ఎత్తు, పెరుగు

'పైకి' అనే అసలు అర్థం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. అహోబిలంలో ఎగువ, దిగువ అన్నట్టే అప్పర్, లోయర్. పెన్నాకు ఎగువన వానలు పడ్డాయంటే అప్‌స్ట్రీమ్‌లో పడ్డాయని. ఫోన్ ఎత్తమంటే 'పిక్ అప్ ది ఫోన్'. ఇంత దగ్గరగా రెండు భాషలు కలిసే చోటు అరుదు.

పైకి అన్నది ఎక్కువ అనే అర్థంలోకి జారడం మనకూ ఉంది, వాళ్ళకూ ఉంది. కర్నూలు మార్కెట్లో ఉల్లి ధర పైకెళ్ళిందంటాం, 'ఆనియన్ ప్రైసెస్ హ్యావ్ గాన్ అప్' అంటారు. 'స్పీక్ అప్' గొంతు పెంచు. 'స్పీడ్ అప్' వేగం పెంచు.

ఇక్కడ రెండు మాటల దగ్గర కాసేపు ఆగండి: 'గ్రో అప్', 'బ్రింగ్ అప్'. మన పిల్లలు ఇంటర్వ్యూల్లో ఎక్కువగా జారేది వీటి దగ్గరే. తెలుగులో పెరుగు, పెంచు అని జంట ఉంది కదా, ఇవి సరిగ్గా అదే జంట. ప్రొద్దుటూరులో పెరిగానని చెప్పాలంటే 'ఐ గ్రూ అప్ ఇన్ ప్రొద్దుటూరు'. మా అవ్వ నన్ను పెంచిందని చెప్పాలంటే 'మై గ్రాండ్‌మదర్ బ్రాట్ మీ అప్'. 'ఐ వాజ్ గ్రోన్ అప్ ఇన్ ప్రొద్దుటూరు' అని చాలామంది అంటారు. అది 'నేను ప్రొద్దుటూరులో పెద్దమనిషిని' అన్నట్టు వినిపిస్తుంది. 'వాజ్' పెట్టాలనుకుంటే 'ఐ వాజ్ బ్రాట్ అప్ ఇన్ ప్రొద్దుటూరు' అనండి, నన్ను అక్కడ పెంచారు అని అర్థం.

ఇక 'గివ్ అప్'. తెలుగులో చేతులెత్తేయడం అంటాం చూడండి, దాని పక్కన పెట్టండి. ఎత్తడమూ ఉంది, ఏయడమూ ఉంది. కోటను శత్రువుకు అప్పగించేయడాన్ని కూడా ఇంగ్లీషులో 'గివ్ అప్' అంటారు. నా దగ్గరున్నది ఇచ్చేశాను, ఇక నావల్ల కాదు అనే ఊహ నుంచే 'మానుకోవడం' దాకా వచ్చింది. 'హీ గేవ్ అప్ స్మోకింగ్' సిగరెట్ మానేశాడు. ఇలా ఒక్కసారి దారి కనిపిస్తే ఆ మాట ఇక మర్చిపోరు.

తేలడం, వచ్చిపడటం

నాలుగు రోజులు కనిపించకుండా పోయినవాడు గుత్తిలో తేలాడంటాం. 'హీ టర్న్డ్ అప్ ఇన్ గుత్తి'. తేలడం అంటే పైకి రావడమే కదా. 'షో అప్', 'పాప్ అప్' కూడా ఇదే కుటుంబం. 'ఎ ప్రాబ్లమ్ కేమ్ అప్' సమస్య వచ్చిపడింది. 'షీ కేమ్ అప్ విత్ యాన్ ఐడియా' ఆమెకు ఉపాయం తట్టింది. లేనిదాన్ని కొత్తగా నిలబెట్టడం కూడా దీని పక్కనే చేరుతుంది: 'సెట్ అప్ ఎ షాప్' అంగడి పెట్టడం. 'వాట్సాప్' పేరు కూడా 'వాట్స్ అప్', ఏంటి సంగతులు, అన్న పలకరింపు మీద చమత్కారంగా పెట్టిందే. 2009లో వచ్చిన ఆ యాప్ పేరు రోజూ పలుకుతూ 'అప్' రాదనుకోవడం ఎందుకు?

ఇంకో అర్థం ఉంది, దగ్గరికి చేరడం. గుంతకల్లు జంక్షన్‌లో అప్ లైన్, డౌన్ లైన్ అని వింటూ ఉంటాం. ఆ పేర్లకు నేల ఎత్తుపల్లాలతో సంబంధం లేదు. ఇంగ్లండ్ రైల్వేలో లండన్ వైపు వెళ్ళేది అప్, లండన్ నుంచి బయటికి వచ్చేది డౌన్. ఆ పద్ధతే మన రైళ్ళలోకీ వచ్చింది. ముఖ్యమైన చోటికి చేరడం 'అప్' అన్నమాట. 'ఎ మ్యాన్ కేమ్ అప్ టు మీ' ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. 'క్యాచ్ అప్' అందుకోవడం. 'అప్ టు టెన్' పది దాకా. 'ఇట్స్ అప్ టు యు' అంటే నిర్ణయం మీ దాకా వచ్చి ఆగింది, మీ ఇష్టం.

ఒక్కదాన్ని పట్టుకుని పూర్తిగా నలగ్గొట్టండి

గుంపులు అర్థమయ్యాక, వారానికి ఒక క్రియ చాలు. ఉదాహరణకి 'మేక్ అప్' తీసుకోండి. ముఖానికి వేసుకునేది తెలుసు. 'హీ మేడ్ అప్ ఎ స్టోరీ' కట్టుకథ అల్లాడు. లేనిది పుట్టించాడు, కాబట్టి 'సెట్ అప్' పక్కన రాయండి. 'దే ఫాట్ అండ్ మేడ్ అప్' కొట్టుకున్నారు, మళ్ళీ కలిసిపోయారు. 'పోవు' గుంపు. 'మేక్ అప్ యువర్ మైండ్' ఏదో ఒకటి తేల్చుకో. 'తేలు' మళ్ళీ వచ్చింది చూడండి. 'గర్ల్స్ మేక్ అప్ హాఫ్ ది క్లాస్' క్లాసులో సగం మంది అమ్మాయిలే. అందరూ కలిస్తే అంత అవుతారని. 'మేక్ అప్ ఫర్ లాస్ట్ టైమ్' పోయిన టైమును పూడ్చుకోవడం, గుంత నింపి నేలమట్టం దాకా తేవడం.

ఒక్కో అర్థానికి మీ ఇంటి విషయంతో ఒక వాక్యం రాయండి. పుస్తకంలో ఉన్న జాన్, మేరీల వాక్యాలు గుర్తుండవు. మీ చిన్నాన్న అల్లిన కట్టుకథ గుర్తుంటుంది. అన్నిటినీ గుంపుల్లోకి దూర్చాలని పట్టుపట్టకండి. ఒకటో రెండో ఎక్కడా ఇమడవు, వాటికి విడిగా ఒక పేజీ ఉంచండి.

'ఇట్', 'మీ' ఎక్కడ పెట్టాలో చెవికి అలవాటు చేయండి

'నన్ను ఏడు రోడ్ల సర్కిల్ దగ్గర ఎక్కించుకో' అని చెప్పాలి. 'పిక్ మీ అప్ ఎట్ ఏడు రోడ్ల సర్కిల్'. 'పిక్ అప్ మీ' అనకూడదు. పేరు గానీ వస్తువు గానీ అయితే 'అప్'కి ముందూ పెట్టొచ్చు, వెనకా పెట్టొచ్చు: 'పిక్ అప్ ది బ్యాగ్', 'పిక్ ది బ్యాగ్ అప్', రెండూ సరే. మీ, హిమ్, ఇట్, దెమ్ లాంటి చిన్న సర్వనామం వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి. ఫిల్ ఇట్ అప్. గివ్ ఇట్ అప్. వేక్ హిమ్ అప్. తెలుగులో ఈ బాధ లేదు కాబట్టి నియమం చదివితే రాదు, నోటితో పదిసార్లు అంటే వస్తుంది.

మూడు మాటలు కలిసిన చోట మాత్రం సర్వనామం చివరికే వెళ్తుంది. 'ఐ లుక్ అప్ టు హిమ్' ఆయనంటే నాకు గౌరవం. 'ఐ కాంట్ పుట్ అప్ విత్ ఇట్' దాన్ని నేను భరించలేను. అలాగే 'అప్' నిజంగా మెట్లో చెట్టో ఎక్కడాన్ని చెప్తుంటే, 'గో అప్ ది స్టెప్స్' కాస్తా 'గో అప్ దెమ్' అవుతుంది, మధ్యలోకి రాదు.

అక్కర్లేని చోట 'అప్' తగిలించే అలవాటు కూడా మనకుంది. 'కోప్ అప్ విత్ ప్రెషర్' అనేది మన దేశంలో బాగా వినిపిస్తుంది. సరైనది 'కోప్ విత్ ప్రెషర్'. దరఖాస్తు నింపడాన్ని మనం 'ఫిల్ అప్' అంటాం. బ్రిటన్‌లో 'ఫిల్ ఇన్', అమెరికాలో 'ఫిల్ అవుట్' అనడం మామూలు. పెట్రోల్ ట్యాంక్‌కైతే 'ఫిల్ అప్' హాయిగా వాడుకోండి.

నిఘంటువులో ఎక్కడ వెతకాలి

'గివ్ అప్' కోసం 'అప్' పేజీ తెరిస్తే దొరకదు. 'గివ్' దగ్గరికి వెళ్ళాలి. అక్కడ మామూలు అర్థాలన్నీ అయ్యాక, అడుగున ఫ్రేజల్ వెర్బ్స్ జాబితా ఉంటుంది. నేర్చుకునేవాళ్ళకు ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ మంచిది, ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. దాని మూలం జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన హార్న్‌బీ, ఆయన తోటివాళ్ళు 1942లో అక్కడ అచ్చువేయించిన నిఘంటువు. పరాయి భాషవాళ్ళు ఎక్కడ తడబడతారో దగ్గరగా చూసినవాళ్ళ పని కాబట్టి మనలాంటివాళ్ళకు సరిపోతుంది. అందులో 'పిక్ సంథింగ్ అప్' అన్నచోట రెండు వైపులా మొన ఉన్న బాణం గుర్తు కనిపిస్తే, వస్తువు పేరు 'అప్'కి అటూ ఇటూ రావచ్చని. ఆ ఒక్క గుర్తు చూసుకుంటే పై నియమం బట్టీ పట్టక్కర్లేదు.

కడపలో ఉన్నవాళ్ళు ఇంకో పని చేయండి. సీపీ బ్రౌన్ గ్రంథాలయానికి ఒకసారి వెళ్ళండి. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన బ్రౌన్ ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని తెలుగు గ్రంథాలు బాగుచేయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పటి గ్రంథాలయం, యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. అందులో 'పడు', 'పెట్టు', 'కొట్టు' చూడండి. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. ఈల కొట్టడం, చప్పట్లు కొట్టడం, కన్ను కొట్టడం, గాలి కొట్టడం, కొబ్బరికాయ కొట్టడం ఒక పరదేశికి ఎంత నరకమో ఊహించండి. ఆయన వాటిని వాక్యాలతో సహా పట్టుకుని నేర్చుకున్నాడు. 'అప్' విషయంలో మీరు చేయాల్సిందీ అదే.

పలికేటప్పుడు

క్రియగా వాడితే రెండు మాటలుగా రాసి, 'అప్'ని గట్టిగా పలకాలి: 'ఐ విల్ పిక్ యు అప్'. నామవాచకమైతే కలిపి రాసి, మొదటి భాగాన్ని నొక్కాలి: బ్యాకప్, చెకప్. మనం 'ఐ బ్యాకప్డ్ మై ఫోన్' అనేస్తుంటాం. 'ఐ బ్యాక్డ్ అప్ మై ఫోన్' అనాలి, భూతకాలం క్రియకే తగలాలి.

చివరగా ఇంటర్వ్యూ కోసం

'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అన్న ప్రశ్నకి జవాబు అప్‌లతో రాసుకోండి. ఊరి పేర్లు, వివరాలు మీవి పెట్టుకోండి. 'ఐ గ్రూ అప్ ఇన్ జమ్మలమడుగు. మై మదర్ బ్రాట్ అజ్ అప్ ఆన్ హర్ టైలరింగ్. ఐ పిక్డ్ అప్ హిందీ ఫ్రమ్ అవర్ నైబర్స్. ఆఫ్టర్ డిగ్రీ ఐ టుక్ అప్ ఎ జాబ్ ఇన్ ఎ మెడికల్ షాప్. ఐ వాంట్ టు సెట్ అప్ మై ఓన్ వన్ డే.' పెరిగాను, పెంచింది, నేర్చేసుకున్నాను, చేపట్టాను, పెట్టుకోవాలని ఉంది. కాగితం చూడకుండా, ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని గట్టిగా చెప్పండి. మధ్యలో వాళ్ళని ఒక ప్రశ్న అడగమనండి: 'వై డిడ్ యు గివ్ దట్ జాబ్ అప్?' దానికి 'ఐ గేవ్ ఇట్ అప్ బికాజ్' అని మొదలుపెట్టి, 'ఇట్' మధ్యలోనే ఉండేలా జవాబు చెప్పండి.